రాజవ్యవహారకోశం: రఘునాథ పండితుని నిఘంటువులో ఫారసీ పదం నిలిచిన తీరు

నిఘంటువుల చరిత్రలో కర్త జీవితానికి సాధారణంగా ఒక పేరాకు మించిన చోటు దక్కదు. వంశం, ఆశ్రయదాత, కాలం చెప్పి విమర్శకుడు పదాల లెక్కకు దిగుతాడు. పదిహేడవ శతాబ్ది చివరి పాదంలో సంస్కృతంలో వెలువడిన 'రాజవ్యవహారకోశం' విషయంలో ఆ పద్ధతి చాలదు. దాని కర్తగా ప్రసిద్ధుడైన రఘునాథ పండితుడు, అనగా రఘునాథ నారాయణ హణమంతే, పాఠశాల పండితుడు కాడు. తండ్రి కాలం నుండి భోసలే వంశపు రాచకార్యాలు నడిపిన కుటుంబంలోనివాడు. తంజావూరులో ఏకోజీ కొలువులో మంత్రాంగం నెరపినవాడు, గోలకొండతో శివాజీకి మైత్రి కుదిర్చినవాడు, జింజీ కోట కేంద్రంగా కర్ణాటక ప్రాంతాన్ని శివాజీ పేర పాలించినవాడు. రాయబారమూ పరిపాలనా చేసిన చేతులే కోశాన్ని కూర్చాయి. ఈ కోశాన్ని ఫారసీ పదాల బహిష్కరణ పత్రంగా చదవడం పరిపాటి అయింది. ఆ పఠనం కోశపు అవతారికకు సరిపోతుంది గాని కోశానికి సరిపోదన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

ముందుగా గ్రంథస్వరూపం. 384 శ్లోకాలు, పది వర్గాలు, సుమారు 1,380 ఫారసీ, అరబ్బీ, దక్ఖనీ పదాలు, వాటికి సంస్కృత సమానార్థకాలు. రాజ, కార్యస్థాన, భోగ్య, శస్త్ర, చతురంగ, సామంత, దుర్గ, లేఖన, జనపద, పణ్య వర్గాలుగా విభాగం జరిగింది. అమరకోశంలో స్వర్గవర్గంతో మొదలై లోకమంతా వ్యాపించే వర్గక్రమం ఇక్కడ రాజు గద్దెతో మొదలై అంగడి సరుకుతో ముగుస్తుంది. దేవతలు లేరు, దిక్కులు లేవు, ఋతువులు లేవు. ఒక రాజ్యం నడవడానికి ఏయే మాటలు కావాలో అవే ఉన్నాయి. కార్యస్థానాలకు ఒక వర్గమూ, కోటలకు ఒక వర్గమూ, కాగితం కలాల పనికి ఒక వర్గమూ కేటాయించిన సంస్కృత పద్యకోశం ఇది. ఇటువంటి వర్గవిభజన కచేరీలో కూర్చుని పని చూసినవానికి తట్టవలసినదే గాని కావ్యపాఠం చెప్పుకొనే వానికి తట్టేది కాదు.

అవతారిక శ్లోకాల సారాంశం ఇది: శివ ఛత్రపతి శత్రువులను నిర్మూలించిన పిమ్మట, యవనుల మాటల చేత దారి మరుగుపడిన రాజవ్యవహారాన్ని తిరిగి దేవభాషలో నడిపించదలచి, ఈ పండితుని నియోగించాడు. బహిష్కరణ పఠనానికి మూలాధారం ఈ ప్రకటనే. దీనికి తోడు 1674 జూన్‌లో గాగాభట్టు ఆధ్వర్యంలో వైదిక విధిన పట్టాభిషేకం జరగడం, రాజముద్ర అంతకు చాలా ముందే సంస్కృతంలో ఉండడం, అష్టప్రధానుల ఫారసీ బిరుదులను మార్చడం అన్నీ ఒకే వరుసలో పేర్చినప్పుడు కోశం ఆ వరుసలో చివరి ఇటుకగా కనిపిస్తుంది. ఇందులో అసత్యం లేదు. అయితే అవతారిక ఆశ్రయదాత కోరికను చెబుతుంది. కోశం చేసిన పని ఏమిటో తెలుసుకోవాలంటే అవతారిక దాటి లోపలికి వెళ్ళాలి.

లోపలికి వెళ్ళగానే ఎదురయ్యే మొదటి విషయం చాలా సాధారణమైనది, అందుకే కాబోలు అంతగా పట్టించుకోబడలేదు. ఈ కోశం పద్యంలో ఉంది. పద్యకోశం వల్లె వేయడానికి పుట్టింది. మన వీథిబడులలో పిల్లలు అమరం వల్లించినట్టే దీనినీ వల్లించాలి. అమరంలో పర్యాయపదాలన్నీ ఒకే భాషవి, అన్నిటికీ సమాన హక్కు. రాజవ్యవహారకోశంలో జంటలోని ఒక పదం తప్పుకోవలసినది, రెండవది దాని స్థానంలో కూర్చోవలసినది. కాని రెండూ ఒకే ఛందస్సులో బిగించబడ్డాయి. ఒకదానిని తీసివేస్తే పాదం కూలిపోతుంది. ఫలితంగా ఈ గ్రంథాన్ని కంఠస్థం చేసిన లేఖకుడు పదమూడు వందలకు పైగా ఫారసీ, దక్ఖనీ మాటలను కూడా కంఠస్థం చేసినవాడవుతాడు. మరచిపొమ్మని ఆజ్ఞాపించిన మాటలను మరపు రాకుండా కట్టిపెట్టిన గ్రంథం ఇది. కేవలం బహిష్కరణే లక్ష్యమైతే సంస్కృత పరిపాలనా పదాల పట్టిక ఒకటి చాలును. అర్థశాస్త్ర, ధర్మశాస్త్ర గ్రంథాల నుండి దానిని ఏరుకోవడం ఆనాటి పండితులకు కష్టం కాదు.

రెండవ విషయం సంప్రదాయానికి సంబంధించినది. ఫారసీ సంస్కృతాలను ఒకే గ్రంథంలో కూర్చడం రఘునాథునితో మొదలు కాలేదు. అక్బరు కాలంలో కృష్ణదాసు 'పారసీప్రకాశం' రచించాడు. షాజహాను కాలంలో వేదాంగరాయడు అదే పేరుతో జ్యోతిష పరిభాషకు సంబంధించిన కోశం చేశాడు. ఆ రెండూ మొగలు దర్బారు నీడలో పుట్టినవి. సంస్కృతజ్ఞునికి ఫారసీ ప్రపంచపు తలుపు తీయడం వాటి ప్రయోజనం. రఘునాథుడు ఆ తలుపునే రెండవ వైపు నుండి తోశాడు. ఫారసీ మాటలకు అలవాటుపడిన దఫ్తరు మనిషిని సంస్కృతం వైపు నడిపించాలని చూశాడు. ఉద్దేశం తలకిందులైనా పనిముట్టు ఒకటే. తలుపు ఇరువైపులా తెరుచుకుంటుంది గదా.

ఇక్కడ జీవితం వైపు మళ్ళడం అవసరం. శహాజీ 1664లో మరణించిన తరువాత దక్షిణ జాగీరుల వ్యవహారమంతా ఏకోజీకి సంక్రమించింది. 1675-76 ప్రాంతంలో తంజావూరు నాయకరాజుల నుండి ఏకోజీ వశమైంది. ఆ కొలువులో ప్రముఖునిగా ఉన్న రఘునాథుడు ఏకోజీతో పొసగక బయటికి వచ్చి, గోలకొండలో మాదన్నతో సంప్రదింపులు నెరపి, శివాజీని చేరాడు. 1677 తొలి నెలలలో శివాజీ భాగానగరానికి వచ్చి అబుల్‌హసన్ కుతుబ్‌షాను కలిసిన ఘట్టానికి తెర వెనుక ఈ సంప్రదింపులే ఉన్నాయి. కుదిరిన ఒడంబడిక ప్రకారం గోలకొండ ధనసాయమూ ఫిరంగి దళ సాయమూ చేయాలి, గెలిచిన ప్రదేశాలలో శహాజీకి చెందినవి పోను మిగిలిన వాటిలో గోలకొండకు పాలు ఉండాలి. ఆ పాలు గోలకొండకు ముట్టనే లేదన్నది వేరే కథ. అక్కడి నుండి శ్రీశైలం మీదుగా దక్షిణానికి సాగిన సేన 1677 మే నెలలో జింజీని పట్టుకుంది. వేలూరు ముట్టడి మరుసటి ఏడు దాకా సాగింది. శివాజీ తిరిగి వెళ్ళినప్పుడు ఆ ప్రాంతపు పాలనాభారం రఘునాథుని మీద, సైన్యభారం శివాజీ సవతి సోదరుడు సంతాజీ మీద పడ్డాయి. ఏకోజీతో యుద్ధమూ తరువాత సంధీ జరిగాయి. ఒకనాడు తాను కొలిచిన ప్రభువుతో సంధి మాటలు నడపవలసిన పని రఘునాథునికే వచ్చింది.

ఈ వృత్తాంతంలో భాషాపరంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. గోలకొండ ఆనాడు రెండు భాషల రాజ్యం. కుతుబ్‌షాహీ ఫర్మానులలో ఫారసీ పాఠంతో పాటు తెలుగు పాఠం కూడా ఉన్నవి మనకు దక్కాయి. అక్కన్న మాదన్నలు ఆ వ్యవస్థ శిఖరాన కూర్చున్న తెలుగు బ్రాహ్మణులు. పై భాషలో దర్బారుకు, కింది భాషలో గ్రామకరణానికి జవాబు చెప్పవలసినవారు. వారితో రాయబారం నడిపిన రఘునాథునికి ఫారసీ మాట శత్రువు మాటగా మాత్రమే పరిచయమయ్యే అవకాశం లేదు. సంధి షరతులు, సేనల లెక్క, ధనసాయం వాయిదాలు, కోటల అప్పగింత, ఇవన్నీ ఆ మాటలలోనే నడిచే వ్యవహారాలు. పైగా జింజీ 1649 నుండి బీజాపూరు చేతిలో ఉంది. దానికి ముందు తెలుగు నాయకులది. రఘునాథుడు పాలనకు కూర్చున్న నాటికి ఆ సీమలో తమిళ రైతు, తెలుగు పాలెగాడు, బీజాపూరు కాలపు దఫ్తరు, మరాఠీ గుమాస్తా ఒకే పన్నుల చిట్టా చుట్టూ చేరి ఉన్నారు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి అధిపతి ఫ్రాంస్వా మార్తాఁ ఈ కొత్త ప్రభువులతో తన వర్తక వ్యవహారాలను గురించి స్మృతులలో రాసుకున్నాడు. అటువంటి చోట పాత మాటకు కొత్త మాట ఏదో తెలియకపోతే చిట్టా చదవడం కుదరదు. కోశంలోని దుర్గ, జనపద, లేఖన వర్గాలను ఈ నేపథ్యంలో ఉంచి చూస్తే అవి పండిత వినోదంగా తోచవు.

కోశరచనను సాధారణంగా 1677-78కి చెందినదిగా నిర్ణయిస్తారు. ఈ నిర్ణయాన్ని అంగీకరిస్తే ఒక పర్యవసానం తప్పదు. కోశాన్ని పట్టాభిషేక ఘట్టానికి ముడివేసి చెప్పే వ్యాఖ్యానాలు కాలక్రమం దృష్ట్యా వదులవుతాయి. 1674లో రఘునాథుడు రాయగఢ్‌లో లేడు, దక్షిణాన ఏకోజీ కొలువులో ఉన్నాడు. అష్టప్రధానుల సంస్కృత బిరుదులు కోశానికి ముందే అమలులోకి వచ్చాయి. కాబట్టి కోశం ఆ మార్పుకు కారణం కాదు, దాని కొనసాగింపు. కొందరు పండితులు రచనలో ఢుంఢిరాజ వ్యాసుని చేతిని కూడా గుర్తిస్తారు. ముద్రారాక్షసానికి 1713లో తంజావూరులో వ్యాఖ్య రాసిన ఢుంఢిరాజు ఈతడే. రఘునాథుని పర్యవేక్షణలో ఢుంఢిరాజు కూర్చాడన్న అభిప్రాయం నాకు సహేతుకంగా తోస్తుంది. కోట ముట్టడుల నడుమ ఒక పాలకుడు 384 శ్లోకాలూ తానే అల్లాడనుకోవడం కంటే, పదాలను ఏరి వర్గాలను నిర్ణయించి ఛందోబంధాన్ని ఒక యువపండితునికి అప్పగించాడనుకోవడం సహజం. దీనివల్ల కోశంపై పాలకుని ముద్ర తగ్గదు. నిఘంటువుకు ప్రాణం పదాల ఎంపికలో ఉంటుంది.

ఈ పని నవ్వులపాలవుతుందని కర్తకు ముందే తెలుసు. గ్రంథంలో ఒక శ్లోకం దీనికి సాక్ష్యం. విద్వాంసులు మెచ్చిన దానిని తెలియనివారు వెక్కిరిస్తే ఏమవుతుంది, ఒంటెకు తీయని అరటిపండు రుచిస్తుందా అని దాని భావం. ఈ శ్లోకాన్ని ఆత్మవిశ్వాసానికి ఉదాహరణగా ఉటంకించడం చూస్తుంటాము. నాకు అందులో విశ్వాసం కన్నా అనుభవం ఎక్కువగా వినిపిస్తుంది. వెక్కిరించేవారు ఎవరు? ఫారసీ దర్బారులోని మున్షీలకు ఈ సంస్కృత గ్రంథంతో పని లేదు. ముళ్ళ చెట్టుకు అలవాటుపడిన ఒంటె తన దఫ్తరులోని గుమాస్తాయే. పాత మాటతో పని నడుస్తుండగా కొత్త మాట నేర్చుకోమంటే అతడు నవ్వుతాడు. కొత్త పదజాలాన్ని ఆజ్ఞ ద్వారా ప్రవేశపెట్టబోయిన ఏ అధికారికైనా మొదటి అడ్డంకి అతడే.

మరి ఆ గుమాస్తా చివరికి ఏం చేశాడు? ఇందుకు రెండు సాక్ష్యాలు ఉన్నాయి, రెండూ పరస్పరం పొసగవు. మొదటిది చరిత్రకారుడు వి. కా. రాజ్‌వాడే వేసిన లెక్క. మూడు వేర్వేరు కాలాల మరాఠీ పత్రాలలోని పదాలను లెక్కించి, 1628 నాటి పత్రంలో మరాఠీ మాటల పాలు నూటికి పద్నాలుగు మాత్రమేననీ, 1677 నాటికి అరవై దాటిందనీ, 1728 నాటికి తొంబైకి పైగా చేరిందనీ ఆయన చూపాడు. కోశం విజయానికి ఈ లెక్కను రుజువుగా వాడుతుంటారు. కాని లెక్కలోనే ప్రతివాదం ఉంది. 1677 పత్రంలో మార్పు అప్పటికే సగానికి పైగా జరిగిపోయింది, కోశం ఇంకా పూర్తయిందో లేదో! పైగా పెరిగినది మరాఠీ మాటల పాలు. కోశం ఇచ్చిన సంస్కృత పదాలే ఆ ఖాళీలను నింపాయని ఈ లెక్క చెప్పదు. మూడు పత్రాల మీద శతాబ్దపు తీర్పును నిలబెట్టడం ఎంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు.

రెండవ సాక్ష్యం బిరుదులలో ఉంది. మజుందారు అమాత్యుడయ్యాడు, సుర్నీసు సచివుడయ్యాడు, వాకెనవీసు మంత్రి అయ్యాడు, డబీరు సుమంతుడయ్యాడు, సర్నోబతు సేనాపతి అయ్యాడు. వీటిలో అమాత్య, సచివ పదాలు వంశనామాలుగా స్థిరపడి మరాఠా చరిత్ర పొడవునా నిలిచాయి. కాని అందరికంటే పెద్ద పదవి మాటేమిటి? పేష్వాకు ముఖ్యప్రధాని అని పేరు పెట్టారు. ఆ పదవి వంశపారంపర్యమై రాజ్యాన్నే శాసించిన పద్దెనిమిదవ శతాబ్దిలో ముద్రలపై 'ముఖ్యప్రధాన్' అనే ఉంది, లోకం మాత్రం వారిని పేష్వాలనే పిలిచింది. నేటికీ మన పాఠ్యపుస్తకాలలో బాజీరావు పేష్వాయే. ముద్ర మీద సంస్కృతం, నోట ఫారసీ. కోశం శ్లోకంలో జంటగా కట్టిన రెండు మాటలూ జీవితంలోనూ జంటగానే బతికాయి, ఒకటి పత్రంలో, ఒకటి వీధిలో. దీనిని కోశం వైఫల్యమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. రెండు మాటలకూ మధ్య వంతెన ఉన్నప్పుడే అటువంటి సహజీవనం సాధ్యం.

వస్తువాచకాల విషయం వేరు. పదవికి పేరు మార్చడానికి ఒక ఆజ్ఞ చాలు, ఎందుకంటే పదవిని ఇచ్చేవాడే పేరునూ ఇస్తాడు. కత్తి పిడికీ, వస్త్ర విశేషానికీ, వంటకానికీ పేరును అంగడి ఇస్తుంది. భోగ్య, శస్త్ర, పణ్య వర్గాలలో కోశకారుని శ్రమ అధికం, ఫలం స్వల్పం అని నా అంచనా. తెలుగులో తుపాకి, ఫిరంగి, దుకాణం, కాగితం, కలం అనే మాటలు దాటి మనం వెళ్ళలేకపోవడమే ఇందుకు నిదర్శనం.

ఈ సందర్భంలో తెలుగు నేల మీది రెండు ఉదాహరణలు పోలికకు పనికివస్తాయి. మొదటిది ఈ కోశానికి దాదాపు శతాబ్దం ముందుది. పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్రము'ను తత్సమాలు సైతం విడిచి అచ్చ తెలుగులో రచించాడు, ఆ శైలిలో వెలసిన తొలి కావ్యంగా దానికి ఖ్యాతి. దానిని అంకితం పొందినవాడు ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖాను. భాషాశుద్ధి పట్ల మక్కువ ఉన్నంత మాత్రాన ఫారసీ వ్యవహర్తల పట్ల వైరం ఉండాలన్న నియమం దక్కనులో లేదనడానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం అక్కరలేదు. రఘునాథుని కోశాన్ని కేవలం వైరం నుండి చదివేవారు ఈ దక్కనీ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండవది సి. పి. బ్రౌను కృషి. 1852లో 'జిల్లా నిఘంటువు', 1854లో 'మిశ్రభాషా నిఘంటువు' వెలువడ్డాయి. బ్రౌను కూడా కడప, మచిలీపట్నం, రాజమండ్రులలో రెవెన్యూ, న్యాయ శాఖల కొలువు చేసినవాడే. అర్జీలలో, తీర్పులలో, జమాబందీ లెక్కలలో అడుగడుగునా తగిలే ఫారసీ, హిందుస్తానీ మాటలను సాహిత్య నిఘంటువు నుండి విడదీసి వాటికి ప్రత్యేక గ్రంథం చేశాడు. మన లక్షణకర్తలు అన్యదేశ్యమని పేరు పెట్టి పక్కకు నెట్టిన మాటలకు తెలుగులో దక్కిన పెద్ద గౌరవం అది. రఘునాథుడు మార్చడానికి సేకరించాడు, బ్రౌను తెలుసుకోవడానికి సేకరించాడు. అయితే ఇద్దరి సేకరణకూ క్షేత్రం కచేరీయే, ఇద్దరికీ మాటలు అందించినవాడు గుమాస్తాయే. కావ్యాలను ఆకరాలుగా పెట్టుకున్న మన పద్యకోశాలు, 'ఆంధ్రనామసంగ్రహము' మొదలైనవి, ఈ పదజాలం వైపు చూడలేదు. వాటిని తప్పుపట్టడం కాదు గాని, పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల తెలుగు పాలనా భాషను తెలుసుకోవడానికి అవి పనికిరావన్నది నిజం.

ఈ చర్చకు నేటి ప్రయోజనం లేకపోలేదు. 1966 అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమి, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడిన తరువాత పరిపాలనా పదాల తెలుగు చేత అనేక పట్టికల రూపంలో సాగింది. వాటిలో ఆంగ్ల పదానికి ఎదురుగా తరచు సంస్కృత సమాసం కనిపిస్తుంది. తరతరాలుగా రైతు నోట నలిగిన ఫారసీ మాట ఉన్నచోట కూడా దానిని దాటి సమాసాన్ని ఎంచుకున్న సందర్భాలు లేకపోలేదు. ఒక ఉదాహరణ చాలు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు తహసీల్దారు స్థానంలో మండల రెవెన్యూ అధికారి వచ్చాడు. 'మండలం' నిలిచింది, ఎందుకంటే అది కొత్త వస్తువుకు కొత్త పేరు. 'మండల రెవెన్యూ అధికారి' ఆంగ్ల పొడి అక్షరాలలోకి కుంచించుకుపోయి, కొన్నేళ్ళకు ప్రభుత్వమే ఆ పదవికి తహసీల్దారు పేరును తిరిగి ఇచ్చింది. రఘునాథుని కాలపు పేష్వా, ముఖ్యప్రధానుల కథకు ఇది తోబుట్టువు. తేడా ఏమిటంటే, రాజవ్యవహారకోశం పాత మాటను కొత్త మాట పక్కన నిలబెట్టింది. మన పట్టికలలో ఆంగ్లానికీ సంస్కృతానికీ నడుమ ఉన్న ఆ దేశవాళీ ఫారసీ మాటకు గడి కూడా కేటాయించలేదు. పదసేకరణలో పదిహేడవ శతాబ్ది పాలకుడు మనకంటే నిజాయితీపరుడు.

శివాజీ మరణం తరువాత జింజీ అధికారం శంభాజీ బావమరిది హర్జీ మహాడిక్ చేతికి మారింది. రఘునాథుని రాజకీయ జీవితం అంతటితో ముగిసింది. కోశం మాత్రం ప్రతులలో బతికి శివచరిత్ర పరిశోధకుల చేతికి చేరింది. దానిని ఇంతవరకు మరాఠీ పత్రాలతోనే పోల్చి చూశారు. లేఖన, జనపద వర్గాలలోని పదాలను కుతుబ్‌షాహీ ద్విభాషా ఫర్మానులలోని తెలుగు పాఠాలతో పోల్చితే, ఒకే ఫారసీ పదానికి రాయగఢ్ సంస్కృతాన్నీ గోలకొండ తెలుగునూ ఎక్కడెక్కడ ఎదురు పెట్టాయో, ఎక్కడ ఇద్దరూ ఆ ఫారసీ పదాన్నే ఉంచుకున్నారో తేలుతుంది. బ్రౌను మిశ్రభాషా నిఘంటువును మూడవ ఆధారంగా పెట్టుకుంటే, ఆ మాటలలో 1854 నాటికి మిగిలినవేవో కూడా వర్గాలవారీగా చూపవచ్చు.